తాలు

రక్ అని మొదటిరోజు చెప్పగానే
గోళ్లతో దిగారు ఒకళ్లమీద ఒకళ్లు.
తప్పు పిల్లలది కాదు, మాటది.
విడదీయబోతే గౌసియా గీసిన మూడు గీతలు
నా మోచేతిమీద ఇంకా ఉన్నాయి.

యార్డు గోడ వెనక, ఏటుకూరు రోడ్డు పక్కన
పల్లేరుకాయలు ఏరిపారేసి చేసుకున్న గ్రౌండు.
గుద్దడానికి బ్యాగులు కొనే స్తోమత లేక
చిరిగిన మిర్చి టిక్కీల్లో ఊక కూరి కుట్టాం.
ఎన్నిసార్లు దులిపినా
కిందటేటి ఘాటు వదలదు వాటిని.
గుద్దిన పిల్ల గుద్దినట్టే తుమ్ముతుంది.

చీలమండలు పట్టి లాగిన చేతులు నావి.
పదకొండేళ్ల కబడ్డీ.
పడ్డవాళ్లతో ఇక్కడ పనిలేదని
నాకే ఏడాది పట్టింది తెలియడానికి.
బంతి నేలమీద, దాన్ని తెచ్చిన పిల్ల నేలమీద,
పైన నువ్వు.
కూలబడకు, కాళ్లమీదే ఉండు.
వెనక గుమ్మంలోంచి రా, పక్కగోడ దూకకు.
దూరాలా, వదిలెయ్యాలా,
ఒకటి అనేలోపు తేలిపోవాలి.

సువార్త అందరికంటే ముందొచ్చేది.
వచ్చి, నిలబడేది.
పడ్డపిల్ల మొహంలోకి చూసేది.
"దెబ్బ తగిలిందేమో అని, మేడమ్."
ఆ అర సెకనులో బంతి పరాయిదైపోయేది.
వాచీ పట్టాను. రంగు రంగుల జెండాలు ఊపాను.
వీపు వెనకనుంచి టెన్నిస్ బంతులు వదిలాను.
ఒక సాయంత్రం అనకూడని మాటొకటి అన్నాను.
నాలుగురోజులు రాలేదు.

అయిదోరోజు నేనే వెళ్లాను
కోల్డ్ స్టోరేజీ పక్క రేకుల షెడ్డుకి.
ఎర్రటి గుట్ట చుట్టూ ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు.
తల్లి పక్కన తనూ.
నన్ను చూసింది, లేవలేదు,
నా కళ్లలోకి చూస్తూనే ఉంది.
వేళ్లు మాత్రం ఆగలేదు:
మేలుకాయ ఎడమకి, తెల్లబారిన తాలు కుడికి,
ఎడమకి, ఎడమకి, కుడికి.
చూడకుండా ఎట్లా అన్నాను.
వాళ్లమ్మ దేవకరుణ తలెత్తకుండానే అంది:
"చూస్తా కూర్చుంటే కూలి గిట్టదమ్మా."

నేనూ కూర్చున్నాను ఓ గంట.
వేళ్లు మండాయి. మర్చిపోయి కన్ను నలుపుకున్నాను.
షెడ్డంతా నవ్వింది.
సువార్త నీళ్లచెంబు తెచ్చింది, ఏమీ అనకుండా.

మర్నాడు విజిలు జేబులోంచి తియ్యలేదు.
రెండే మాటలు.
మనకి దక్కే బంతయితే, కాయ.
చెయ్యిదాటిపోయిందయితే, తాలు.
మొదట చేరినపిల్ల అరవాలి,
మిగిలినవాళ్లు అడక్కూడదు.
అంకమ్మ పడింది. బంతి ఇంకా దొర్లుతోంది.
"కాయ!"
సువార్త మోకాళ్లు వంగకముందే నోరు పలికింది,
నోరు పలక్కముందే భుజం దూరింది.
టిక్కీ కుట్టు తెగి ఊకంతా గాల్లోకి.
తుమ్ములు, తుమ్ములు,
ఆ రోజుకి ప్రాక్టీసు అయిపోయింది.

బెజవాడలో ఓడిపోయాం, అయిదు పాయింట్లతో.
అవతలి కోచ్ పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు,
తాలు అంటే ఏ ఎత్తో అని కాబోలు.
చివరి రక్‌లో మా పిల్లలు ఒక్కరూ దూరలేదు.
ఆ బంతి పోయిందని సువార్త అరిచింది. నిజంగానే పోయింది.
లైను కట్టి నిలబడ్డారు ఆరుగురూ, రొప్పుతూ.
విజిలు మోగాక
అంకమ్మ మొహం చూడ్డానికి వంగింది సువార్త.
చాలాసేపు చూసింది.

రాత్రి ప్యాసింజరు మంగళగిరి దాటాక
అందరూ ఒకళ్లమీద ఒకళ్లు నిద్రపోయారు,
రెఫరీ లేని రక్ లాగా.
తనొక్కతే మేలుకుంది.
"మేడమ్, ఒకటి చెప్తే ఏమనుకోరుగా?
ఆ రోజు మీరు ఏరిన గుట్టలో
సగం తాలే.
మీరెళ్లాక మళ్లీ మొదట్నుంచీ ఏరుకున్నాం."