మూతబండ

గచ్చిబౌలిల పునాది తవ్వుతుంటే
గుండ్రంగ పేర్చిన రాళ్లు తేలినయ్.
పార గుంజుకొని కుంచె పెట్టిన్రు నా చేతుల.

నడుమ పెద్ద మూతబండ.
క్రేను రెండుసార్లు మూలిగి ఆగింది.
మూడోసారికి లేస్తే, కింద ఒక్కడే.
తలాపున తుప్పు వట్టిన కత్తి,
కాళ్లకాడ నల్లమూతి ఎర్రకుండలు,
ఎన్ని వేల ఏండ్ల కింద కట్టిన సద్దో.

"సచ్చినోనికి తొవ్వల ఆకలైతదని నమ్మేటోళ్లు"
అన్నది మేడం.
నమ్మిన్రు సరే,
క్రేను లేనినాడు గీ బండను గుంజినోళ్లు ఎందరు?
వంద మంది ఉండొచ్చన్నది.
వాళ్లను ఏడ పండబెట్టిన్రు?
మేడం కండ్లద్దాలు తుడుచుకున్నది.

పిడుగుకు అందరూ వణికినోళ్లే.
ఒకడు మాత్రం
పిడుగుకు ఏం పెట్టాల్నో నాకెరుకన్నడు.
ఇంకొకడు వాని ఎనక కత్తి వట్టుకొని నిలవడ్డడు.
మిగిలినోళ్ల భుజాలకు మోకులొచ్చినయ్.

కుండకో నంబరు, బొక్కకో నంబరు
తెల్లపెయింటుతోటి రాసిన్రు.
నా నంబరు మస్టరుల ఉన్నది, పదిహేడు.

మా అవ్వ బాలవ్వ పోయినప్పుడు
బొందలగడ్డల జాగ లేక
పాత బొక్కలు పక్కకు జరిపి పండబెట్టినం.
తలాపున స్టీలు గిలాసల చాయ్,
చక్కెర జరంత ఎక్కువేసి.
నేనూ నమ్మినోన్నే మరి.

పగటీలి సద్ది విప్పుకొని
బండ మీద కూసుంటే
"దిగు, దిగు, అది సమాధి" అని ఒర్రిండు సారు,
గొడుగు కింద కుర్చీలకెల్లి.

దిగిన.
జొన్నరొట్టె, సగం కొరికిన ఉల్లిగడ్డ
దాని మీదనే ఉండిపోయినయ్.