సున్నా ఎవరు?

ఫిషింగ్ హార్బర్, మూడో జెట్టీ పక్క గది.
వేట నుంచొచ్చిన జీపీఎస్‌లు
ఒక్కొక్కటే కంప్యూటర్‌కి గుచ్చుతాను.
ముందొచ్చింది సున్నా, తర్వాతది ఒకటి.
నిన్నటి సున్నా ఇవాళ రెండు.
ఎల్లాజీ తిరిగిన దారి
తాతాలు లెక్కలో పడింది.

"ముందు ఇంటికొచ్చినోడు పెద్దకొడుకైపోతాడేటి?"
ఎల్లాజీ నవ్వీసేడు.

రాత్రి కూర్చుని నియమం రాశాను:
వీపు మీది సీరియల్ నంబరు చూడు,
ఏ పోర్టులో దూరినా
పడవ పేరుతోనే పిలువు.

పొద్దున తెర మీద
గంగాదేవి. పైడితల్లి.
మళ్ళీ పైడితల్లి.

పూర్ణా మార్కెట్లో చవగ్గా కొన్న జత,
రెండిటికీ ఒకటే నంబరు!

అప్పలనరసమ్మ పొలుసు చెయ్యి తుడుచుకుని
ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.
"మాదే. మా ఆయన చుట్ట కంపు."

కర్సరు మిటకరిస్తోంది.
ఏ వరుసలో రాయను దీన్ని?