అరికాలి మంట

టేపు చుట్టి జేబులో వేసుకుని గారెత్ అడిగాడు:
"నేలకిందా, గోడకా? ఏదో ఒకటి తేల్చండి."
హాలిఫాక్స్‌లో ఫిబ్రవరి. వంటింట్లో
ముగ్గురి మాటలూ పొగలై కనబడుతున్నాయి.

ఉమాకాంత్ దగ్గర కాగితం నిండా లెక్కలు.
కింద గొట్టాలు పరిస్తే నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు,
బిల్లు తగ్గుతుంది, గోడలు ఖాళీ అవుతాయి,
బీరువా ఎక్కడ కావాలంటే అక్కడ.
కాకపోతే నేల తవ్వాలి. తలుపుల అడుగు చెక్కాలి.
వేడెక్కడానికి మూడు గంటలు.
చల్లారడానికీ అంతే.

"నీ కోపంలాగ" అన్నాను తెలుగులో.
గారెత్ మర్యాదగా గోడవైపు చూశాడు.

నాది రేడియేటరు జాతి.
ఇట్టే కాగుతాను, చిటపటలాడతాను,
పావుగంటలో మామూలు.
అరికాలి మంట నెత్తికెక్కిందని మనవాళ్ళు అన్నారు గాని
ఆ మంటని డబ్బిచ్చి మరీ
నేలకింద పెట్టించుకునే ఊళ్ళుంటాయని వాళ్ళకేం తెలుసు.

నాలుగుంపావుకి లేస్తాను. ఊళ్ళో మొదటి బస్సు నాది.
ఆ వేళకి నాతో మేలుకునేది
నడవలో ఉన్న పాత ఇనపది ఒక్కటే.
టక్. కాసేపాగి, టక్ టక్,
ముసలాయన గొంతు సవరించుకున్నట్టు.
దాని వీపు మీద నా చేతితొడుగులు, సాక్సులు,
ఒకసారి వానకి నానిన లైసెన్సు కూడా ఆరింది.
నేలమీద ఏం ఆరేసుకుంటాం?

ఇదంతా ఇంగ్లీషులో చెప్పబోతే
"సాక్సులకి ఒకటి కావాలి" అని మాత్రం వచ్చింది.
వంటింటికి నేల, నడవకి పాతదే, అని రాసుకున్నాడు గారెత్.
రెండూ కలపాలంటే ఇంకో వాల్వు. మూడొందల పౌండ్లు.
ఉమాకాంత్ కాగితం మడిచాడు. ఏమీ అనలేదు.
మూడు గంటల తర్వాత అన్నాడు.

మార్చి పదకొండు. చీకటి.
వట్టికాళ్ళతో వంటింట్లోకి అడుగు పెట్టాను.
రాయి వెచ్చగా ఉంది,
నివురు కింది నిప్పులా, చప్పుడు లేకుండా.
టైమరు చూస్తే మొదలైన వేళ ఒకటీ పదిహేను.
నేను నిద్రలో ఉండగానే
మూడు గంటల ముందే నా పాదాల్ని తలుచుకున్నారెవరో.
పైగదిలో గురక.

నడవలో పాతది టక్కుమంది.
దానిమీద ఒకటే సాక్సు.
రెండోదాని కోసం వెతుకుతూ, కెటిల్ మరిగేదాకా,
వంటింట్లోంచి అటూ ఇటూ
అవసరం లేకపోయినా ఇంకోసారి నడిచాను.