మునిగేవాడి పేరు

పోయిన వారం లియోన్ నుంచి వచ్చినాయన
బోర్డు మీద ఒక గీత గీసి, ఇవి నీళ్లు అన్నాడు.
'ఎ' మునుగుతున్నాడు. 'బి' ఒడ్డున నిలబడి రొట్టె తింటున్నాడు.
మా దేశంలో 'బి'కి జైలు, అన్నాడు.

ఈ వారం లీడ్స్ నుంచి వచ్చినామె
అదే గీత గీసింది, చెరపని పాత గీత పక్కనే.
మా దగ్గర 'బి' ఆ రొట్టె చివరిదాకా తినొచ్చు, అంది
తనకే నోరు రానట్టు కళ్లజోడు తుడుచుకుంటూ.

అనువాదం చేసే నెస్తాన్
'విధి' అన్న మాట దగ్గర రెండుసార్లు తడబడింది.
మేం పద్దెనిమిది మందిమి
పేజీని నిలువుగా చీల్చి తేడాలు రాసుకున్నాం.
కిటికీ బయట బతూమి వాన,
వాన వెనక అసలు సముద్రం.
ఎవరూ అటు చూడలేదు.

హీటర్ బాగుచేయడానికి వచ్చిన త్సియూరి
స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయింది.
ఉండుండి అడిగింది:
"ఇంతకీ ఆ మునిగిన పిల్లాడి పేరేంటి?"

ఎవరో నవ్వి, సగంలో ఆపేశారు.
నెస్తాన్ ఈసారి తడబడలేదు.
ప్రొఫెసర్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది,
నిజంగానే ఎక్కడో రాసుకున్నట్టు.

హీటర్ రాజుకుంది. త్సియూరి వెళ్లిపోయింది.
ఆమె బూట్ల తడి బోర్డు దాకా ఉంది.

పరీక్షలో
'ఎ' దగ్గర నా కలం ఆగింది.
కొట్టేసి, ఓతర్ అని రాశాను.
తర్వాత రెండు పేజీలూ చట్టమే, ఫ్రాన్సుదీ ఇంగ్లండుదీ,
వాక్యం వాక్యానికీ వాడు చేతులు కొట్టుకుంటూనే ఉన్నాడు.
టైమైపోయింది అన్నప్పుడు
ఒడ్డుకింకా ఒక పేరా దూరంలో ఉన్నాడు.