పదిహేడో కొక్కెం

క్లాక్స్‌విక్ రేవులో తెల్లవారుజాము నాలుగు.
చేపల వేలం ఏడింటికి.
ఒక పడవ తెచ్చిన బరువు
ఇంకో పడవ పేరున పడుతోంది,
ఎప్పుడో ఒకసారి, అదీ గాలివాన రోజునే.

కోడ్ నాదే.
డిస్క్‌ని ఒక మాట అడుగుతాను,
జవాబు పోసిమ్మని బఫర్ అనే గిన్నె చేతికిస్తాను.
వచ్చిందా వచ్చిందా అని ప్రాణం తీయను,
అదంతా ప్రాసెసర్‌ని ఉత్తపుణ్యానికి కాచడం.
గడప పట్టుకుని నిలబడిపోను కూడా.
ఒక్క జవాబు కోసం ఆగిన థ్రెడ్ వెనక
తొంభైమంది ఆగాలి.
అడిగేసి వేరే పనిలో పడతాను.
అయినవి అయినట్టు వరసలో వచ్చి కూర్చుంటాయి,
వెనక అడిగింది ముందొచ్చినా నాకు కోపం లేదు.

ఆలస్యమైతేనే తిక్క.
రెండు సెకన్లు చూసి "వద్దులే" అని కబురంపి,
గిన్నె నాదే కదా అని
మరొకరి పళ్ళెంలో పెట్టేస్తాను.

అద్దం అవతల మార్జున్, రేవు గుమాస్తా.
ఆవిడ వెనక గోడకి నలభై కొక్కేలు.
వెళ్ళే పడవ ఇత్తడి బిళ్ళ పట్టుకుపోతుంది,
వచ్చాక తెచ్చి తగిలిస్తుంది.
ఆవిడ సముద్రం వైపు చూడటం నేనెరగను.
స్వెట్టర్ అల్లుకుంటుంది. తలుపు గంట మోగితే లేస్తుంది.

పదిహేడు ఖాళీ.
"హోగ్ని వెనక్కి తిరిగానని రాత్రే రేడియోలో చెప్పాడుగా,
ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చెయ్యరాదూ?"
కుట్లు లెక్కపెడుతూనే అంది:
"తిరిగానన్నాడు. చేరానన్లేదు."

కాఫీ చల్లారిపోయింది.
గాలివానలో పడవలన్నీ ఒక్కసారే వస్తాయి,
డిస్క్‌కి ఊపిరాడదు,
నా "వద్దులే" ఇంకా దారిలో ఉండగానే
అది పాపం మాట నిలబెట్టుకుంటుంది.
పోస్తానన్న చోటే పోస్తుంది.
గిన్నె ఎవరి ముందుందో దానికేం తెలుసు?

నాలుగు లైన్లు కొట్టేశాను. ఒకటి రాశాను:
అడిగినదానికీ వద్దన్నదానికీ
రెండు జవాబులూ అందేదాకా గిన్నె ముట్టకు.

ఆరూ ఇరవైకి గంట మోగింది.
గడ్డం నుంచి నీళ్ళు కారుతూ హోగ్ని.
మార్జున్ బిళ్ళ తుడిచి తగిలించింది,
ఎలా వచ్చావని కూడా అడగలేదు.

నేను రాసింది నిజమో కాదో తేలాలంటే
మళ్ళీ గాలివాన రావాలి.
శుక్రవారం వస్తుందంటున్నారు.