గూల్ లైబ్రరీలో బుధవారపు క్రియ

బోర్డు మీద నాలుగే అక్షరాలు రాసి
మార్కర్‌కి మూత పెట్టింది మిసెస్ హాల్డెన్‌బీ.
డ్రా.
"చిన్న మాటే," అంది, "మా ఊజ్ నది లాంటిది.
పైకి చూస్తే బురద. దిగితే గానీ తెలీదు."

గ్లాసు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగొచ్చిన బొజెనా,
రేవులో క్రేన్ నడిపే లాత్వియా జింటార్స్,
మంగలి షాపు కుర్దు కుర్రాడు హేవా,
ఇంకో నలుగురు, తడి గొడుగులు.

డ్రా అంటే బొమ్మ, అన్నాడు హేవా.
లేచి వెళ్ళి గుర్రాన్ని గీశాడు.
కుక్కలా వచ్చింది.
"పరవాలేదు. ఆ కుక్క బండిని లాగితే
అదీ డ్రాయే."

పన్ను పీకినా అదే.
గుండెల నిండా ఊపిరి పీల్చినా అదే.
శనివారం ఆటలో ఎవరూ గెలవకపోయినా,
పోస్టాఫీసులో పింఛను తీసుకున్నా అదే.
కర్టెన్ మూసినా డ్రా, తెరిచినా డ్రా అనేసరికి
జింటార్స్ పెన్ను బల్ల మీద పడేశాడు.
"మరి ఇంట్లో ఎవరైనా చెబితే ఏది చేస్తారు?"
"కిటికీ వైపు చూస్తాం నాయనా.
చీకటి పడిందో, తెల్లారిందో."

ఇది తెలుగులో రాస్తున్నాను కనక
నాకూ ఓ చిక్కుంది.
మనకి బొమ్మ గీయాలి, బండి లాగాలి,
కత్తి దూయాలి, డికాషన్ దిగాలి,
నూతిలో నీళ్ళు తోడాలి.
ఒక్కో పనికి ఒక్కో పనివాడు.
వాళ్ళు ఒక్కణ్ణే పెట్టుకుని
పొద్దస్తమానం చాకిరీ చేయించుకుంటారు.
పాపం, కూలి మాత్రం ఒకటే.

టీ తర్వాత దాని చుట్టాల వంతు.
తలుపు సందులోంచి కాళ్ళకి తగిలే చలిగాలి, డ్రాఫ్ట్.
పీపాలోంచి పట్టిన బీరు, డ్రాఫ్ట్.
"మా క్లిఫర్డ్ డ్రాఫ్ట్స్‌మన్.
షిప్‌యార్డుకి ఓడల నక్షాలు గీస్తాడు."
గీస్తాడు, అంది.
గీసేవాడు అనలేదు.
ఏడుగురికీ వినబడింది.
తప్పులు దిద్దే మనిషిని
ఎవరూ దిద్దలేదు.

జింటార్స్ గొంతు సవరించుకున్నాడు.
"ఓడ ముక్కు మీద తెల్ల అంకెలుంటాయి మేడమ్.
సరుకు ఎక్కే కొద్దీ ఒక్కో అంకే నీళ్ళలోకి పోతుంది.
ఎంత లోతు మునిగిందో, అదీ డ్రాఫ్టే.
రోజూ చూస్తాను.
ఇది వాళ్ళ చుట్టమని తెలీదు."
ఆమె కాసేపు మార్కర్ మూత తీస్తూ, పెడుతూ ఉంది.

నీళ్ళకి వాడే మాటనే
పక్కనుండే మనిషికీ పెట్టుకున్నాం మనం. తోడు.
ఆ సంగతి ఆమెకి చెప్పే వీల్లేదు.
ఈ పద్యంలోకి ఆమెకి దారి లేదు.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర.
ఊరి రెండు నీళ్ళ ట్యాంకులు, ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా,
వానలో ఒకదానికొకటి కనబడ్డం మానేశాయి.
కోటు విప్పకుండానే
క్లిఫర్డ్ బల్ల సొరుగు పట్టుకుని లాగింది.
సొరుగంటే మనకి లోపలికి చొరబడేది.
వాళ్ళకి బయటికి లాగేది.
పది నెలల చెమ్మకి ఉబ్బి
అది మన మాటే విన్నట్టుంది.

మూడోసారికి వచ్చింది, ఒక్క కుదుపుతో,
రబ్బరు ముక్కలూ, దగ్గు బిళ్ళలూ,
ఎవరూ కట్టని ఓడ నక్షా ఒకటీ.
దాని నడుం మీదుగా ఈ చివర్నుంచి ఆ చివరికి
పెన్సిల్ గీత.
అల లేదు, నురగ లేదు.
స్కేలు పెట్టి గీసిన నీళ్ళు.

వేలు ఆ గీతకి కాస్త కిందే ఆనించి
చాలాసేపు కూచుంది.
తర్వాత లేచి కర్టెన్ డ్రా చేసింది.

ఏ డ్రాయో
కిటికీ చూస్తే తెలిసిపోవాలి.
నేనిక్కణ్ణుంచి ఎంత చూసినా
వానే కనబడుతోంది.