నాలుగో ముక్క

గాజులరామారం దాటాక పాత కంకర క్వారీ.
యాభై ఏళ్లు నగరం దీన్ని తవ్వుకు తింది.
ఆ తర్వాత పదేళ్లు
తిన్న కంచాలు తెచ్చి ఇందులోనే పారేసింది:
కూల్చిన గోడలు, బాత్రూం టైల్సు,
ఎవరింటి గడపో, పసుపు ఇంకా వదలనిది.
పైన జానెడు మందాన చెరువు పూడిక పరిచి
ఇక ఇది నేల అన్నారు.

అవునో కాదో
వాన చెప్పాలి.

వాలు మీద సున్నంతో నాలుగు ముక్కలు గీశాం.
మొదటిదాంట్లో వట్టివేరు, వరసకీ వరసకీ మూడడుగులు.
రెండోదాని మీద వరిగడ్డి, మేడ్చల్ నుంచి ట్రాలీ ఆటోలో
దారి పొడవునా సగం రాల్చుకుంటూ వచ్చింది.
మూడోదానికి కొబ్బరిపీచు వల,
వల కళ్లలో కానుగ మొక్కలు.
నాలుగోది
ఒట్టి మట్టి.

ఒక్కోదాని కింద ఒక్కో పెయింటు బకెట్.
వాన వెలిసిన మర్నాడు నీళ్లు వంచేసి
బురద ఎండబెట్టి, తూచి,
పుస్తకంలో రాయడం నా ఉద్యోగం.
పెళ్లిచూపుల్లో ఈ మాట చెబితే
వాళ్లు టీ కప్పులు కింద పెట్టేశారు.

నీళ్ల పైపు పట్టేది ఈదమ్మ.
ఈ గుంత లోతు ఆమెకు తెలుసు,
పదిహేనేళ్ల పిల్లగా అడుగున కూర్చుని కంకర కొట్టింది.
"మనం నిలబడ్డ కాడ్నే, శాన కింద
నా సుత్తె ఒకటుంది" అంటుంది
రేపో మాపో దొరికేటట్టు.

"గీ తుకడ ఏం పాపం జేసింది బిడ్డా?
మూడింటికి బట్ట గప్పి
దీన్నొక్కదాన్ని బరిబాతల ఉంచినవ్."
పోల్చి చూడాలంటే ఒకటి అలా ఉండాలమ్మా, అన్నాను.
"ఉంచితే కొట్కపోతదని నాకెర్కే.
ఎర్కైనదాన్ని మల్ల జోకుడెందుకు?"
పైపు చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను.

తొలి వానకే గడ్డి బకెట్లోకి దిగింది,
ఆపమన్న మట్టితో చేతులు కలిపి.
మళ్లీ పరిచి, తాళ్లు లాగి, మేకులు దిగ్గొట్టాం.
వట్టివేరు నెలంతా ఊరికే నిలబడింది.
కింద ఏం చేస్తోందో ఎవరికీ చెప్పలేదు.
పీచు వల ఒక్కటే
నీళ్లను పోనిచ్చి మట్టిని పట్టుకుంది.
నాలుగో బకెట్ నిండి పొర్లింది.
తొమ్మిది కిలోలు,
అందులో నీలం టైలు పెంకు, పళ్లూడిన దువ్వెన,
ఒక బొమ్మ చెయ్యి.

ఆగస్టులో ఒక రాత్రి
బాలానగర్ దగ్గర బస్సులు నీళ్లలో ఆగిపోయాయి.
చెప్పులు చేత పట్టుకుని నడుస్తూ
నేను నాలుగో ముక్క గురించే ఆలోచించాను.
ఈపాటికి అది ఉండదు,
కింద పూడ్చిన ఇళ్లు మళ్లీ బయటపడతాయి.

తెల్లారి తూకం.
వట్టివేరు రెండుంపావు.
గడ్డి మూడు.
పీచు కిలోన్నర.
నాలుగోది రెండు.

త్రాసు దులిపి మళ్లీ తూచాను.
రెండే.

వాలెక్కి చూస్తే
ముక్క నడుమ అడ్డంగా రాళ్ల వరస,
పిడికెడంత రాళ్లు, ఒకదాని సందులో ఒకటి,
నేల ఎటు వంగితే అటు వంగి
నీటి మట్టానికి సరిగ్గా.
మా పరికరం పెట్టి చూశాను, వేలెడు తేడా లేదు.
వెనక ఆగిన బురద
పేరుకున్న పెరుగులా ఉంది.

ఈదమ్మ పైపు చుట్ట విప్పుతూ అంది:
"గీ గుంతలకెల్లి మోసి మోసి పట్నానికిచ్చిన.
ఇరవై రాళ్లు వాపస్ తెచ్చుకుంటే
గుత్తేదారు కొడతడా?"

కొట్టివేయమన్నారు, ఆఫీసులో,
ఆ గడిలో అంకె చెల్లదన్నారు.
అంకె మీద గీత కొట్టాను.
పక్కన పెన్సిలుతో, చిన్నగా,
రాళ్ల వరస, చేత్తో, అని రాశాను.
మనిషి పేరుకు గడి లేదు.

ఈ సాయంత్రం ఐదో ముక్క గీశాను.
ఒట్టి మట్టి.
సున్నం ఆరకముందే ఈదమ్మ చూపు అటు పడింది.
ఆమె టిఫిను డబ్బా సర్దుకుని
ఆటో ఎక్కేదాకా
బకెట్ బోర్లించుకుని దాని మీదే కూర్చున్నాను.

జీడిమెట్ల వైపు మెరుస్తోంది.
నా కాలి దగ్గర
ఎవరు తెచ్చి పెట్టారో
ఒక రాయి.